ఓడెక్కి వచ్చే ఇల్లు

గోడలు, నేల, కప్పు, కిటికీలు, కరెంటు వైర్లు, ఒక్కోసారి స్నానాలగది టైల్స్‌తో సహా ఫ్యాక్టరీలోనే తయారై, లారీ మీద స్థలానికి చేరి, అక్కడ సిద్ధంగా ఉన్న పునాది మీద బిగించుకునే ఇంటిని మాడ్యులర్ ఇల్లు అంటున్నారు. ఇందులో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో ఇంటిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని పెద్ద పెట్టెలా పూర్తిగా తయారుచేసి పంపుతారు. ఆ పెట్టె పేరే మాడ్యూల్. రెండో పద్ధతిలో గోడలు, కప్పు విడివిడి పలకలుగా వస్తాయి. ప్యానెళ్లు అని పిలిచే ఈ పలకలను స్థలంలో నిలబెట్టి జోడిస్తారు. రెండింటినీ కలిపేవారూ ఉన్నారు. పైపులు, టైల్స్ పని ఎక్కువగా ఉండే స్నానాలగదిని పెట్టెగా తెప్పించి, మిగతా ఇంటిని ప్యానెళ్లతో లేపుతారు.

నగరంలో ఈ పద్ధతిని ఎంచుకునేది ఎక్కువగా తొందర కోసం. దీవిలో కారణం వేరు. అక్కడ సిమెంటు, కలప, ఇనుము, మేస్త్రీ, ఆ మేస్త్రీ తినే తిండి దాకా చాలావరకు నీళ్లు దాటి రావలసినవే. దీవిలో ఇల్లు కట్టడమంటే సగం పని రవాణాయే. ఎంత పెద్ద ముక్కను ఒకేసారి తేవచ్చో, బయటి పనివాళ్లను ఎన్నాళ్లు అక్కడ ఉంచాలో తేలితే గానీ ఇంటి నమూనా తేలదు. ఆర్కిటెక్టు పెన్సిల్ పట్టకముందే ఓడ, రేవు, రోడ్డు కొన్ని గీతలు గీసేసి ఉంటాయి.

ఇది పాత సూత్రమే. 1830ల్లో లండన్‌లో హెన్రీ మానింగ్ అనే వడ్రంగి, ఆస్ట్రేలియాకు వలస వెళుతున్న కొడుకు కోసం విడదీసి ఓడలో వేసుకుపోగలిగే చెక్క ఇల్లు తయారుచేశాడు. తర్వాత అలాంటి ఇళ్లు అమ్మకానికీ పెట్టాడు. అందులో ఏ ముక్కా ఒక మనిషి మోయలేనంత బరువు ఉండేది కాదు. ఓడ ఎంత పెద్దదైనా, రేవులో దిగాక స్థలం దాకా మోయవలసింది భుజాల మీదే గనుక ఆ భుజమే ఇంటి కొలతను నిర్ణయించింది. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత భుజం స్థానంలోకి ఫెర్రీ, లారీ, క్రేన్ వచ్చాయి. దారి మొత్తంలో ఎక్కడ ఇరుకుంటే అక్కడి కొలతే ఇంటి కొలత అన్న లెక్క మాత్రం అలాగే ఉంది.

ఈ లెక్కను దగ్గరగా చూడాలంటే స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని హెబ్రిడీస్ దీవులకు వెళ్లాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం స్కాట్లండ్‌లో మనుషులు నివసించే దీవులు 93. వాటన్నిటిలో కలిపి ఉన్నది సుమారు 1,03,700 మంది. పశ్చిమ దీవుల మీద అట్లాంటిక్ గాలి అడ్డూ ఆపూ లేకుండా వీస్తుంది. 2005 జనవరి తుఫానులో గాలి వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటింది. వానలు ఎక్కువ, చెట్లు తక్కువ. చాలాచోట్ల నేలంతా పీట్, అంటే వేల ఏళ్లుగా సగం కుళ్లిన మొక్కలు నీళ్లలో నాని పేరుకుపోయిన మెత్తటి నల్లమట్టి.

చెట్లు లేకపోవడమే అక్కడి పాత ఇళ్లకు రూపం ఇచ్చింది. లూయిస్ దీవిలో బ్లాక్‌హౌస్ అని పిలిచే ఇళ్లకు రెండు వరుసల రాతిగోడ, ఆ వరుసల మధ్య కూరిన మట్టి, పైన గడ్డి కప్పు ఉండేవి. గాలికి కప్పు లేచిపోకుండా తాళ్లు వేసి వాటి చివర్లకు రాళ్లు కట్టేవారు. నడిమధ్య పొగగొట్టం లేని పీట్ నిప్పు మండుతుండేది. ఒకే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఇంకో పక్క పశువులు. కప్పుకు వాడే కర్రలు ఎక్కువగా సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు, పగిలిన ఓడల చెక్కలు. అవి ఎంత అపురూపమంటే, కౌలురైతు ఊరు మారవలసి వస్తే రాతిగోడలను వదిలేసి కప్పు కర్రలను మోసుకుపోయేవాడు. పొడవైన కర్ర దొరకదు గనుక ఇల్లు వెడల్పు పెరగలేదు, పొడుగ్గా సాగింది. ఆర్నాల్ గ్రామంలోని 42వ నంబరు బ్లాక్‌హౌస్‌లో 1966 దాకా మనుషులు కాపురమున్నారు. ఇప్పుడు దాన్ని సందర్శకుల కోసం భద్రపరిచారు.

ఫ్యాక్టరీ ఇల్లు ఈ దీవులకు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ముడతల రేకు చౌకయ్యాక గ్లాస్గోలోని స్పియర్స్ వంటి కంపెనీలు క్యాటలాగులు అచ్చేసి రేకుల చర్చీలు, హాళ్లు, ఇళ్లు అమ్మాయి. భాగాలు ఓడలో వచ్చేవి, ఊళ్లో బిగించుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, బ్రిటిష్ సైన్యంలోని పీటర్ నిస్సెన్ అర్ధవృత్తాకారపు రేకుల షెడ్డును రూపొందించాడు. దాన్ని విడదీస్తే ఒక్క సైనిక బండిలో పట్టేది, ఆరుగురు మనుషులు నాలుగు గంటల్లో నిలబెట్టగలిగేవారు. ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లోని లాంబ్ హోమ్‌లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీ యుద్ధఖైదీలు అలాంటి రెండు షెడ్లను ఒకదానికొకటి చేర్చి చర్చిగా మలిచారు. లోపలి రేకు కనిపించకుండా పలకలు వేసి, వాటి మీద రాయి, ఇటుక ఉన్నట్టే భ్రమ కలిగేలా రంగులద్దారు. తాత్కాలిక నిర్మాణమని తీసిపారేయకుండా ఊరివాళ్లు కాపాడుకున్నందువల్ల అది నేటికీ నిలిచి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ మొత్తం మీద 1,56,000కు పైగా తాత్కాలిక ప్రీఫ్యాబ్ ఇళ్లు, అంటే భాగాలు ముందే తయారై వచ్చే ఇళ్లు, లేపారు. పది, పదిహేనేళ్లకని వేసినవాటిలో కొన్ని అరవై ఏళ్లు దాటాయి. లోపల ఫ్రిజ్, స్నానాలగది ఉండడంతో వాటిలో కాపురమున్నవాళ్లు ఇష్టపడ్డారు. అయినా చలి, తేమ, ఎప్పటికైనా పీకేసే ఇల్లు అన్న పేరు మాత్రం ఈ పద్ధతికి అంటుకుపోయింది. ఇప్పటి మాడ్యులర్ ఇంటికి ఆ ప్రీఫ్యాబ్‌తో నాణ్యతలో పోలికే లేదు. పేరు వల్ల వచ్చిన అనుమానం మాత్రం బ్యాంకులో ఇంకా ఎదురవుతూనే ఉంటుంది.

దీవుల్లో ఇల్లు దొరకడమన్నది ఊరు బతకడానికి సంబంధించిన విషయం. మారుమూల సెయింట్ కిల్డాలో మిగిలిన 36 మంది తమను తీసుకుపొమ్మని ప్రభుత్వాన్ని కోరి, 1930 ఆగస్టు 29న దీవి వదిలి వెళ్లిపోయారు. ఇప్పటి సమస్య అంత తీవ్రమైనది కాదు గానీ దిశ అదే. స్కై వంటి అందమైన దీవుల్లో ఉన్న ఇళ్లు సెలవుల బసలుగా, ఊరికి దూరంగా ఉండేవారి రెండో ఇళ్లుగా మారిపోతుంటే, అక్కడే పుట్టి అక్కడే పని దొరికిన యువ జంటకు అద్దెకైనా గది దొరకదు. టీచరు ఉద్యోగం ఇచ్చినా ఉండడానికి చోటు లేక చేరలేని పరిస్థితి వస్తుంది. పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది, బడి లేని దీవికి కొత్త కుటుంబం రాదు. స్కాట్లండ్ ప్రభుత్వం 2016లో గ్రామాలు, దీవుల ఇళ్ల కోసం ప్రత్యేక నిధి పెట్టింది ఇందుకే.

డబ్బుంటే ఇల్లు లేస్తుందనుకుంటే పొరపాటు. దీవిలో మేస్త్రీలు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఉన్నవాళ్ల చేతిలో ఏడాదికి సరిపడా పని ముందే ఉంటుంది. బయటి నుంచి తెస్తే వాళ్లకు ఫెర్రీ ఖర్చు, బస, భోజనం కట్టాలి. ఎండాకాలంలో బసలన్నీ పర్యాటకులతో నిండిపోతాయి. శీతాకాలంలో పగలు ఆరేడు గంటలే, అందులోనూ వాన. తడిసిన చెక్క చట్రం ఆరేదాకా ఆగవలసి వస్తుంది. ఇలాంటిచోట నెలల తరబడి సాగే పనిలో ఎక్కువ భాగాన్ని నేల మీద నుంచి తీసి, దూరాన ఫ్యాక్టరీ కప్పు కిందికి చేర్చడమే మాడ్యులర్ పద్ధతి చేసే అసలైన మేలు. ఖర్చు తగ్గుతుందని చాలామంది ఆశపడతారు. దీవి వరకు తెచ్చే ఖర్చు ఆ మిగులును చాలావరకు తినేస్తుంది. నిజంగా మిగిలేది సమయం, ఇంకా ముఖ్యంగా అనిశ్చితి తగ్గడం.

కాగితాల పని మామూలు ఇంటికి ఎంతో దీనికీ అంతే. స్థానిక మండలి నుంచి ప్లానింగ్ అనుమతి, ఆ తర్వాత నిర్మాణ ప్రమాణాలు సరిచూసి ఇచ్చే బిల్డింగ్ వారంట్ రెండూ కావాలి. ఫ్యాక్టరీలో తయారైందన్న కారణంగా వారంట్ మినహాయింపు ఉండదు. హెబ్రిడీస్‌లో దీనికి తోడు క్రాఫ్ట్ అనే ప్రత్యేక భూమి వ్యవస్థ ఉంది. కౌలుకు తీసుకున్న చిన్న కమతాన్ని క్రాఫ్ట్ అంటారు. 1886లో వచ్చిన చట్టం ఆ రైతులను ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టకుండా రక్షణ ఇచ్చింది. అంతకుముందు భూస్వామి ఎప్పుడు పొమ్మంటాడో తెలియని రైతు మంచి ఇల్లు కట్టుకునే సాహసం చేయలేదు. ఈనాటికీ క్రాఫ్ట్ మీద బ్యాంకు అప్పు పుట్టదు. అందుకే ఇంటి స్థలం వరకు క్రాఫ్ట్ హోదా నుంచి విడగొట్టి, దాన్ని తాకట్టు పెడతారు. క్రాఫ్ట్ రైతులకు ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వ సహాయమూ ఉంది. దీవుల వంటి ప్రాధాన్య ప్రాంతాల్లో దాన్ని ఇటీవలి సంవత్సరాల్లో 38,000 పౌండ్ల దాకా ఇస్తున్నారు.

అసలు నిర్ణయం పెట్టెలా, పలకలా అన్నది. పెట్టెలుగా వస్తే స్థలంలో పని రోజుల్లో అయిపోతుంది. కానీ పెట్టెలో ఎక్కువ భాగం ఖాళీ గాలే. ఆ గాలికీ రవాణా కిరాయి కట్టాలి. బ్రిటన్ రోడ్ల మీద 2.9 మీటర్ల వెడల్పు, 18.65 మీటర్ల పొడవు, 44 టన్నుల బరువు, వీటిలో ఏది దాటినా ఆ సరుకును అసాధారణ లోడుగా లెక్కిస్తారు. ముందుగా పోలీసులకు, రోడ్ల శాఖలకు, వంతెనల అధికారులకు చెప్పి, వాళ్లు ఒప్పుకున్న దారిలో ఒప్పుకున్న వేళకు నడపాలి. వెడల్పు 2.9 మీటర్లకు లోబడితే గది ఇరుకవుతుంది. దాటితే దారి ఇరుకవుతుంది. రెండు సన్నని మాడ్యూళ్లను పక్కపక్కన చేర్చి మధ్యగోడ లేకుండా ఒక హాలుగా చేయడం దీనికి సాధారణ పరిష్కారం. అప్పుడు ఆ రెండింటి కలయిక మీద కప్పు నీరు కారకుండా చూడడం మరో పని అవుతుంది.

స్కై దీవికి 1995లో వంతెన వచ్చింది గనుక అక్కడికి లారీ నేరుగా వెళుతుంది. దిగాక ఉండేవి మాత్రం చాలాచోట్ల ఒక్క వాహనం పట్టే రోడ్లు. ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా చిన్న జాగాలుంటాయి. మలుపులో పొడుగు ట్రైలర్ వెనక చక్రాలు రోడ్డు దిగి పీట్‌లో కూరుకుపోతే దీవి సగం ఆగిపోతుంది. లూయిస్‌కు వంతెన లేదు. ప్రధాన భూభాగంలోని అల్లాపూల్ నుంచి స్టోర్నోవే వరకు ఫెర్రీలో రెండున్నర గంటల పైచిలుకు ప్రయాణం. అది పెద్ద ఓడ, సరుకు లారీలు మామూలుగా ఎక్కుతాయి. చిన్న దీవులకు తిరిగే ఫెర్రీలు మన నరసాపురం దగ్గర గోదావరి దాటించే పంటు లాంటివి. ముందు తలుపు దించి రేవు మెట్ట మీద ఆనిస్తారు, బండి దాని మీదుగా దిగుతుంది. ఆటుపోట్ల వల్ల నీటి మట్టం తగ్గినప్పుడు ఆ వాలు నిటారుగా మారి, పొడుగు ట్రైలర్ పొట్ట నేలకు రాసుకుంటుంది. ఎగ్ దీవిలో 2004లో కొత్త రేవు కట్టేదాకా ఫెర్రీ ఒడ్డుకే వచ్చేది కాదు. మనుషులు, సరుకులు నీళ్లలోనే చిన్న పడవలోకి మారేవి. అలాంటి చోటికి పూర్తి గదిని తేవడం ఊహకే అందదు.

అందుకే చిన్న దీవులకు ప్యానెళ్లే మేలు. ఒక మోస్తరు ఇంటి గోడలు, కప్పు మొత్తం రెండు మూడు లారీల్లో పేర్చవచ్చు. అవసరమైతే పెద్ద లారీ నుంచి ట్రాక్టర్ ట్రైలర్‌కు మార్చుకోవచ్చు. ఈ ప్యానెళ్లలో బాగా వాడుకలో ఉన్నది సిప్ అనే రకం. చెక్కపేళ్లను జిగురుతో అదిమి చేసిన రెండు పలకల మధ్య గట్టి నురుగు నింపి తయారుచేస్తారు. అదే గోడకు బలం, అదే చలికి అడ్డు. మరో రకంలో చెక్క చట్రాన్ని ఇన్సులేషన్‌తో నింపి రెండు వైపులా మూసేస్తారు. రెండింటిలోనూ కిటికీ రంధ్రాలు, పైపుల దారులు ఫ్యాక్టరీలోనే కోసి ఉంటాయి. కాబట్టి స్విచ్‌బోర్డు ఎక్కడ, సింకు ఎక్కడ అన్నది ఇంటివాళ్లు నెలల ముందే తేల్చుకోవాలి. గోడ లేచాక కిటికీ కాస్త జరపమని మేస్త్రీతో చెప్పుకునే అలవాటున్నవాళ్లకు ఈ క్రమశిక్షణ కష్టమే. ఈ పద్ధతిలో ఇంటిని చెడగొట్టేది చాలాసార్లు ఆలస్యంగా మారిన మనసు.

1996లో స్కై దీవిలో మొదలైన డువల్‌కస్ అనే ఆర్కిటెక్టుల సంస్థ ఇంటి ఆకారం విషయంలో దారి చూపింది. పాత ఇళ్లలాగే పొడుగ్గా, సన్నగా, నేలకు దగ్గరగా ఉండే ఇళ్లను పెద్ద అద్దాలతో, మంచి ఇన్సులేషన్‌తో కొత్తగా కట్టారు. ఇక్కడ చరిత్ర ఒక చక్కని మలుపు తిరిగింది. పొడుగు కర్ర దొరకక ఒకప్పుడు ఇల్లు సన్నబడింది. ఇప్పుడు లారీ వెడల్పు వల్ల అదే కొలత తిరిగి వచ్చింది. రెండు కారణాల వెనకా ఉన్నది సముద్రమే. అందుకే కొండవాలులో ఆ ఇల్లు బయటి నుంచి తెచ్చిపెట్టినట్టు అనిపించదు.

ఇల్లు ఫ్యాక్టరీలో తయారవుతున్నప్పుడే దీవిలో పునాది పని సాగాలి. పీట్ మీద ఏ బరువూ నిలవదు, మెల్లగా కుంగుతుంది. కొన్నిచోట్ల మీటరు లోతుకు, కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు లోతుకు పేరుకుని ఉంటుంది. దాన్ని గట్టినేల తగిలేదాకా తవ్వి తీయాలి, లేదా తక్కువ లోతున్న జాగా వెతకాలి. స్థలం కొనేముందు ఇనుప కడ్డీతో నాలుగు మూలలా పొడిచి చూడడం వందల పౌండ్లతో పోయే పని, చూడకపోతే వేలల్లో వదులుతుంది. రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటు లేని దీవుల్లో సిమెంటు బస్తాలు తెప్పించి అక్కడే కలపాలి. అందుకే తేలికైన చెక్క ఇంటికి అడుగంతా కాంక్రీట్ పలక వేయకుండా చిన్న కాంక్రీట్ దిమ్మెలు, లేదా నేలలోకి తిప్పి దించే ఇనుప స్క్రూ పైల్స్ వాడతారు. గాలికి తేలిక ఇల్లు పైకి లేవాలని చూస్తుంది కాబట్టి పునాదిలోనే స్టీలు పట్టీలు పాతి గోడలను కిందికి బిగించాలి. బ్లాక్‌హౌస్ తాళ్లకు రాళ్లు కట్టిన పనే ఇది.

పునాది స్థానిక కాంట్రాక్టరుది, ఇల్లు ఫ్యాక్టరీది. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ రెండూ కలిసేచోటే. ఫ్యాక్టరీ ప్యానెల్ మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది, పునాది రెండు సెంటీమీటర్లు వాలిందంటే మొదటి గోడే కూర్చోదు. ప్రధాన భూభాగంలో అయితే లారీ మర్నాడు వస్తుంది. దీవిలో క్రేన్, లారీ, పనివాళ్లు అందరూ ఫెర్రీ టికెట్లతో వచ్చి ఖాళీగా కూర్చుంటారు. అనుభవమున్నవాళ్లు లారీ ఫ్యాక్టరీ గేటు దాటకముందే పునాదిని మళ్లీ కొలిపించి, ఆ కొలతల కాగితం చేతికొచ్చాకే సరుకు పంపిస్తారు. నీళ్లకు బోరు, మురుగుకు సెప్టిక్ ట్యాంకు, కరెంటు తీగ కూడా అప్పటికే సిద్ధమై ఉండాలి. ఊరికి దూరంగా ఉన్న స్థలంలో ఒక్కోసారి దారి వేయడానికి, కరెంటు తేవడానికి అయ్యే ఖర్చు చూసి ఇంటినే చిన్నది చేసుకోవలసి వస్తుంది.

క్రేన్ రోజు మొత్తం పనికి పరీక్షరోజు. చాలా దీవుల్లో పెద్ద క్రేన్ ఉండదు, అదీ ఫెర్రీలో రావాలి. వెడల్పాటి ప్యానెల్ గాల్లోకి లేచిందంటే తెరచాపే, కొద్దిపాటి గాలికే తిరగబడుతుంది. గాలి క్రేన్ తయారీదారు పెట్టిన హద్దు దాటితే పని ఆపాల్సిందే. అదే గాలి ఫెర్రీనీ ఆపుతుంది. ఈ దీవులకు ఓడలు నడిపే ప్రభుత్వ సంస్థ కాల్‌మాక్ దగ్గర పాతబడిన ఓడలు చాలా ఉన్నాయి. 2018లో అందాల్సిన గ్లెన్ సానక్స్ అనే కొత్త ఓడ 2025 జనవరిలో గానీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. ఒక ఓడ మరమ్మతుకు వెళితే మరో దారి ఓడను అక్కడికి మార్చాలి, ఆ కుదుపు అన్ని దీవులకూ పాకుతుంది. అందుకే ప్రణాళికలో గాలికి, ఫెర్రీకి వదిలేసిన ఖాళీ రోజులు ముందే రాసుకుంటారు. మొదట నిలబెట్టే గోడ లారీలో అన్నిటికన్నా చివర ఎక్కించాలి. ప్రతి ముక్క మీద నంబరు ఉండాలి. మరలు, పట్టీలు, సీలింగ్ టేపులు లెక్కకన్నా ఎక్కువే పంపాలి, ఎందుకంటే ఒక్క బోల్టు తగ్గితే కొనుక్కురావడానికి దగ్గర్లో దుకాణం ఉండదు. అన్నీ కుదిరితే చిన్న ఇల్లు కొద్ది రోజుల్లోనే గాలి, వాన లోపలికి రాని స్థితికి చేరుతుంది. లోపలి పని తర్వాత నిదానంగా, వానతో సంబంధం లేకుండా సాగుతుంది.

ఈ ఇళ్లకు చూరు దాదాపు ఉండదు. ముందుకు చాచిన చూరు కింద గాలి దూరితే కప్పును ఎత్తేస్తుంది గనుక గోడ అంచుకే కప్పు ఆగిపోతుంది. బయటి గోడకు లార్చ్ చెక్క వేసి రంగు వేయకుండా వదిలేస్తారు, అది కొన్నేళ్లకు వెండి బూడిదరంగుకు మారుతుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుప మేకులు తుప్పు పట్టి చెక్క మీద నల్లటి చారలు దిగుతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు తప్పనిసరి. గాలి చొరబడని ఇంట్లో తేమ నిలిచిపోకుండా, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే వెంటిలేషన్ యంత్రం పెడతారు. 2024 ఏప్రిల్ 1 నుంచి స్కాట్లండ్‌లో కొత్తగా వారంట్ కోరే ఇళ్లకు గ్యాస్, నూనె బాయిలర్లు కుదరవు. వేడికి హీట్‌పంపు పెట్టుకుంటున్నారు.

హీట్‌పంపు అంటే కరెంటు. ఎగ్ దీవి ఈ విషయంలో పాఠం చెబుతుంది. 1997లో దీవి ప్రజలు ట్రస్టుగా ఏర్పడి, విరాళాలు కూడగట్టి దీవిని భూస్వామి నుంచి కొనుక్కున్నారు. అప్పట్లో ఇంటింటికీ డీజిల్ జనరేటరే దిక్కు. 2008 ఫిబ్రవరిలో వాగుల నీరు, గాలి, ఎండ మూడింటినీ కలిపి దీవి సొంత గ్రిడ్‌ను నడపడం మొదలుపెట్టారు. అందరికీ సరిపోవాలని ఒక్కో ఇంటికి ఒక సమయంలో 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10 కిలోవాట్లు హద్దు పెట్టుకున్నారు. ఓవెన్, కెటిల్, వాషింగ్ మెషీన్ ఒకేసారి నడిస్తే ఆ హద్దు దాటిపోతుంది. అలాంటి చోటికి వచ్చే ఇల్లు చలికాలంలో కూడా అతి తక్కువ వేడితో సరిపెట్టుకునేలా ఉండాలి. గోడ మందం, కిటికీ అతుకు, గాలి లీకు ఫ్యాక్టరీలో పరీక్షించి పంపడం ఇక్కడే అక్కరకొస్తుంది. తుఫాను గాలిలో నిచ్చెన మీద నిలబడి చేసే అతుకు అంత బిగువుగా రాదు.

ఇక డబ్బు. మామూలు ఇంటికి బ్యాంకు పునాది, గోడలు, కప్పు అని దశలవారీగా అప్పు విడుదల చేస్తుంది. మాడ్యులర్ ఇంటికి ఆ లెక్క పొసగదు. స్థలంలో ఇంకా ఏమీ కనిపించకముందే ఫ్యాక్టరీ పెద్ద మొత్తం అడుగుతుంది. ఆ మధ్యకాలంలో కంపెనీ దివాలా తీస్తే ఇల్లూ ఉండదు, డబ్బూ ఉండదు. ఈ భయం పోగొట్టడానికే బ్రిటన్‌లో 2013లో బోపాస్ అనే హామీ పథకం మొదలైంది. ఆ గుర్తింపు ఉన్న నిర్మాణ పద్ధతి కనీసం 60 ఏళ్లు నిలుస్తుందని అంచనా వేసి చెబుతుంది, దాన్ని చూసి బ్యాంకులు ముందుకొస్తాయి. కొనేవాళ్లు కంపెనీ ధరకన్నా ముందు ఈ గుర్తింపును, ముందస్తు చెల్లింపుకు బీమా ఉందా లేదా అన్నదాన్ని అడగాలి.

దూరంలో తయారైన ఇల్లు అందులో ఉండేవారిని ఎరగకపోతే ఏమవుతుందో మన దేశంలోనే కనిపించింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నికోబార్ దీవుల్లో మొదట రేకుల తాత్కాలిక షెడ్లు వేశారు. ఆ ఉక్కలో వాటిలో పగలు కూర్చోవడమే కష్టమైంది. తర్వాత అండమాన్ నికోబార్‌లో 9,000కు పైగా శాశ్వత ఇళ్లు ప్రభుత్వం కట్టించింది. సరుకు ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో వచ్చింది. అంత దూరంలో, భూకంపాల నేల మీద ఆ పని పూర్తికావడం చిన్న విషయం కాదు. అయితే కార్ నికోబార్ ప్రజల పాత ఇల్లు గుంజల మీద నిలిచిన గుండ్రటి గడ్డి గుమ్మటం, దాని చుట్టూ తుహెట్ అనే ఉమ్మడి కుటుంబం జీవించేది. కొత్త ఇళ్లు ఒక్కో చిన్న కుటుంబానికి ఒక్కటిగా, వరుసల్లో వచ్చాయి. వండుకోవడం, పందులను పెంచుకోవడం, పెద్దల దగ్గర కూడడం అన్నీ ఆ వరుసల్లో ఇమడక చెల్లాచెదురయ్యాయి. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు వెళ్లే శ్రీ విజయపురంలో, అంటే ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో, తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు. అక్కడా కొత్త ఇళ్లకు మాడ్యులర్ పద్ధతి పనికొస్తుంది. కానీ హెబ్రిడీస్ నమూనాను దించితే పని జరగదు. అక్కడ చూరు బాగా ముందుకు రావాలి, నేల ఎత్తున ఉండాలి, గాలి ఇంట్లోంచి ఒకవైపు నుంచి మరోవైపుకు పోవాలి, భూకంపానికి అతుకులు విడిపోకుండా సాగాలి, చెదలు తినని చెక్క లేదా తుప్పు పట్టని లోహం కావాలి. కలిసేవి రేవు, ఓడ, క్రేన్ లెక్కలు మాత్రమే.

ఇల్లు లేచాక మిగిలేది దాని సంరక్షణ. హీట్‌పంపు ఆగినా, వెంటిలేషన్ ఫ్యాన్ పాడైనా బాగుచేసే మనిషి నీళ్లకు అవతల ఉంటే, వచ్చేదాకా ఇల్లు చల్లబడిపోతుంది. దీవిలో అందరికీ తెలిసిన యంత్రాలనే ఎంచుకోవడం, స్థానిక ఎలక్ట్రీషియన్‌ను బిగించే రోజునే పక్కన నిలబెట్టి నేర్పించడం, విడిభాగాలు ఒక జత ఇంట్లోనే దాచుకోవడం దీనికి మందు. మూసేసిన ప్యానెల్‌లో వైరు ఎటు పోతుందో, పైపు ఎక్కడుందో బయటికి కనిపించదు. గోడకు మేకు కొట్టడానికైనా ఆ పటం కావాలి. అందుకే ఫ్యాక్టరీలో గోడలు మూసేముందు తీసిన ఫొటోలు, ప్యానెళ్ల నంబర్లు, వాడిన మరల రకం, జిగురు పేరు అన్నీ ఒక ఫైలుగా కట్టి ఇంటివాళ్ల చేతికి ఇవ్వడం మంచి తయారీదారులు పాటించే పద్ధతి. కొనేవాళ్లు ఆఖరి వాయిదా చెల్లించేముందు ఆ ఫైలు అడిగి తీసుకోవాలి.